కౌలు కారులో పొగ

— బి.యస్.సి. మూడవ సంవత్సరం విద్యార్థి

కౌలు అనే మాటకు రైతు కుటుంబాల నుంచి వచ్చిన వాళ్ళకు అర్థం చెప్పనక్కరలేదు. భూమి ఒకరిది, సేద్యం మరొకరిది. ఎకరానికి ఇంత అని మాట్లాడుకుని, పంట పండినా ఎండినా ఆ సొమ్ము చెల్లించి, గడువు తీరగానే పొలాన్ని పొలంలాగే అప్పగించడం కౌలుదారు ధర్మం. నేడు కార్లకు కూడా కౌలు వచ్చింది. దాన్ని లీజు అంటున్నారు. పేరు మారింది గాని ధర్మం మారలేదు.

ఆ లీజు కారులో కూర్చుని సిగరెట్టు వెలిగించడం తప్పా, ఒప్పా? తప్పయితే ఎవరి పట్ల తప్పు? దాని నష్టం ఎవరి నెత్తిన పడుతోంది? ఈ ప్రశ్నలను మన కాలేజీ విద్యార్థుల ముందు పెట్టాలని ఈ వ్యాసం రాస్తున్నాను. దేశంలో ఇన్ని సమస్యలుండగా నీకీ సిగరెట్టు గొడవే దొరికిందా అని మిత్రులు నవ్వవచ్చు. నవ్వండి. కాని చివరిదాకా చదివి నవ్వండి.

ముందుగా లీజు కార్లు ఎన్ని రకాలో చూద్దాం. పెద్ద కంపెనీలు తమ ఉద్యోగులకు మూడు నాలుగేళ్ళ గడువు మీద ఇప్పించేవి ఒక రకం. గడువు తీరాక ఆ కారు మరొకరి చేతికి పోతుంది. ఒక రోజుకో రెండు రోజులకో అద్దెకు తీసుకుని మనమే నడుపుకునేవి రెండో రకం. వీటికి నల్ల పలక మీద పసుపు అక్షరాలు ఉంటాయి. 1989లో కేంద్ర ప్రభుత్వం తెచ్చిన రెంట్-ఎ-క్యాబ్ పథకం నుంచి ఈ పద్ధతి వచ్చింది. ఇక మూడో రకం, బండి కొనే స్తోమతు లేని డ్రైవరు రోజుకు ఇంత కడతానని యజమాని దగ్గర తీసుకుని టాక్సీగా తిప్పుకునేది. మొదటి రకం మనకింకా దూరం. రెండో రకం మన హాస్టలు గుమ్మం దాకా వచ్చేసింది. మూడో రకం మా ఇంట్లోనే ఉంది.

మాది ప్రకాశం జిల్లాలో ఒక పల్లెటూరు. మా నాన్నకు సొంత భూమి ఎకరమున్నర. మరో నాలుగెకరాలు కౌలుకు చేస్తాడు. మా పెద్దన్నయ్య చదువు మధ్యలో ఆపేసి హైదరాబాదు వెళ్ళి లీజు కారు నడుపుతున్నాడు. రోజు గడిచేసరికి యజమానికి వెయ్యి రూపాయల పైన కట్టాలి. డీజిలు, తిండి పోను మిగిలిందే అన్నయ్యది. అందులోంచే నా పరీక్ష ఫీజు, మెస్సు బిల్లు వస్తాయి.

కిందటేడు ఒక రాత్రి గచ్చిబౌలి దగ్గర ఇద్దరు ఎక్కారు. శంషాబాదు విమానాశ్రయానికి పోవాలి. చదువుకున్నవాళ్ళే, మంచి బట్టల్లో ఉన్నవాళ్ళే. ఔటర్ రింగు రోడ్డు ఎక్కగానే ఒకాయన సిగరెట్టు తీశాడు. "సార్, లీజు బండి సార్, వద్దు సార్" అన్నాడట అన్నయ్య. "ఒక్కటేనన్నా, అద్దం దించుతాలే" అని ఆయన వెలిగించాడు. ఆయన చూసి రెండో ఆయనా వెలిగించాడు. దిగేటప్పుడు అన్నయ్య ప్రవర్తన బాగాలేదని ఫోనులో ఒక్క చుక్క మార్కు వేసి వెళ్ళారు.

తరువాత అదే విమానాశ్రయంలో చంటిబిడ్డతో ఒక తల్లి ఎక్కింది. బిడ్డకు ఆయాసం. తలుపు వేసిన మరుక్షణమే కొంగు బిడ్డ ముక్కుకు అడ్డం పెట్టుకుని, "బాబూ, ఇందులో పోలేను" అని దిగిపోయింది. ఆ బేరం పోయింది. సిగరెట్టు తాగే డ్రైవరని అన్నయ్య మీద ఫిర్యాదు పడింది. వారం చివర యజమాని బండి కడిగించిన ఖర్చని పదిహేను వందలు డిపాజిట్టులోంచి కోసుకున్నాడు. అన్నయ్య పుట్టి బుద్ధెరిగి సిగరెట్టు ముట్టలేదు. ఆ నెల నా ఫీజుకు నాన్న ఊళ్ళో చేబదులు తెచ్చాడు.

విషయం తెలిసి నాన్న అన్న మాట ఒక్కటే: "మనం పండించిన ఆకే వాడి నోటికాడ కూడు తీసిందిరా."

అవును, మేము పండించేది పొగాకే. ఆ సంగతికి మళ్ళీ వస్తాను.

రెండో రకం కారు సంగతి మన హాస్టలుదే. శివరాత్రి దాటాక అయిదుగురు మిత్రులు ఒక కారు అద్దెకు తీసుకుని శ్రీశైలం వెళ్ళారు. లైసెన్సు ఉన్నది ఒక్కడికే కాబట్టి కాగితాల మీద అతని పేరే ఉంది, డిపాజిట్టు అయిదు వేలు అతనే కట్టాడు. అతను సిగరెట్టు తాగడు. తిరిగి వచ్చాక యజమాని వెనక సీటు మీద రెండు కాలిన చిల్లులు చూపించి, వాసన కూడా చూపించి మూడు వేలు పట్టుకున్నాడు. కాల్చినవాళ్ళు మేము అద్దాలు దించే కాల్చామన్నారు. అందరం పంచుకుందామని ఒకరు, నాకేం సంబంధమని మరొకరు. చివరికి సంతకం పెట్టినవాడే భరించాడు. ఒకే గదిలో ఉంటున్నా ఆ ఇద్దరి మధ్య ఈనాటికీ మాటల్లేవు. మూడు వేలతో పాటు మూడేళ్ళ స్నేహం కూడా కాలిపోయింది.

ఇక సైన్సు విద్యార్థిగా నాలుగు మాటలు.

మన హాస్టలు గది సుమారు పన్నెండడుగుల పొడవు, పదడుగుల వెడల్పు, పదడుగుల ఎత్తు. అంటే పన్నెండు వందల ఘనపుటడుగులు, దాదాపు 34 ఘనపు మీటర్లు. చిన్న కారు లోపలి భాగం సుమారు 3 ఘనపు మీటర్లు. అంటే గదిలో పదకొండు సిగరెట్లు తాగితే ఎంత చిక్కని పొగ నిండుతుందో కారులో ఒక్క సిగరెట్టుకే అంత నిండుతుంది. ఒక సిగరెట్టు నుంచి సుమారు పది మిల్లీగ్రాముల సన్నని రేణువులు వెలువడతాయనుకుంటే, అద్దాలు బిగించిన కారులో ఘనపు మీటరుకు మూడు వేల మైక్రోగ్రాముల పైన తేలుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో పెట్టిన హద్దు ఇరవైనాలుగు గంటల సగటుకు 15 మైక్రోగ్రాములు. నిమిషాల లెక్కను రోజు సగటుతో పోల్చరాదని మా మాస్టారు ఆక్షేపించవచ్చు. ఆక్షేపణ న్యాయమే. కాని ఆ కొద్ది నిమిషాలు పీల్చేది ఎలాంటి గాలో తెలియడానికి ఈ లెక్క చాలు.

అద్దం దించితే పొగ తగ్గుతుంది, కాని పూర్తిగా పోదు. బండి వేగం, గాలి వాటం, ఏ అద్దం ఎంత దించామన్నదాన్ని బట్టి కొంత పొగ వెనక సీటు మీదికి తిరుగుతుంది. ఏ.సి. లోపలి గాలినే తిప్పే మీట మీద ఉంటే సరే సరి, అదే పొగ మళ్ళీ మళ్ళీ ముక్కుల్లోకి వస్తుంది. ఇతరుల పొగ పీల్చడంలో ఇంతవరకు పరవాలేదు అనదగిన హద్దే లేదని అమెరికా సర్జన్ జనరల్ 2006 నివేదిక తేల్చింది. అంతకు చాలా ముందే, 1981లో, జపానుకు చెందిన హిరయామా అనే శాస్త్రజ్ఞుడు తొంభై వేల మందికి పైగా సిగరెట్టు ముట్టని ఇల్లాళ్ళను పరిశీలించి, భర్తలు బాగా పొగతాగేవాళ్ళయితే ఆ ఇల్లాళ్ళకు ఊపిరితిత్తుల క్యాన్సరు ముప్పు ఎక్కువని చూపించాడు. నేడు ఇతరుల పొగ మూలంగా ప్రపంచంలో ఏటా చనిపోతున్నవారు పది లక్షలకు పైమాటే.

కారు ఆపి సిగరెట్టు ఆర్పేస్తే అంతటితో అయిపోతుందా? ఇక్కడే అసలు సంగతి ఉంది. పొగాకు ఒలిచిన రోజు మా అమ్మ చేతులు చూడాలి. ఆకు జిగురు పట్టి నల్లగా మారిపోతాయి. సబ్బుతో రెండు మూడుసార్లు తోమినా పోదు, అన్నం కలుపుకుంటే ముద్ద చేదు. తడి ఆకు కోసినవాళ్ళకు కళ్ళు తిరిగి వాంతులవడం మా వైపు తెలిసిన సంగతే. నికోటిను చర్మం గుండా కూడా లోపలికి పోతుంది. ఆకులో ఉన్నప్పుడే అంతగా అంటుకునే నికోటిను, పొగలో ఆవిరై లేచాక కారులోని సీటు గుడ్డను, స్పాంజిని, పైకప్పు గుడ్డను, అద్దాలను ఊరకే వదులుతుందా? వాటికి అంటుకుని కూర్చుంటుంది. ఎండలో బండి కాగినప్పుడు కొంచెం కొంచెంగా మళ్ళీ గాలిలోకి లేస్తుంది. మన రోహిణి కార్తె ఎండలో నిలబెట్టిన కారు తలుపు తీస్తే ముక్కుకు కొట్టేది అదే.

2010లో కాలిఫోర్నియాలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాల వాళ్ళు మరో సంగతి చూపించారు. ఇలా అంటుకున్న నికోటిను, వాహనాల పొగలోనూ గ్యాసు మంటల్లోనూ పుట్టే నైట్రస్ ఆమ్లంతో కలిసి నైట్రోసమీన్లుగా మారుతుంది. వీటిలో క్యాన్సరు కారకాలున్నాయి. పొగతాగేవాడి ట్రక్కు లోపలి తలాల మీద కూడా ఇవి దొరికాయి. శాన్ డియాగోలో మాట్ అనే ఆచార్యుని బృందం ముందు అమ్మకానికి పెట్టిన పాత కార్లను, తరువాత అద్దె కార్లను పరీక్షించింది. పొగతాగరాదు అని పేరు పెట్టిన అద్దె కార్లలో కూడా నికోటిను జాడలు తేలాయి. బోర్డు ఒక్కటీ చాలదన్నమాట. మొదటివాడు పీల్చేది మొదటి పొగ, పక్కవాడు పీల్చేది రెండో పొగ అయితే, దీన్ని మూడో పొగ అంటున్నారు. ఇది ఎవరికి దక్కుతుంది? రేపు ఆ సీటులో కూర్చునేవాడికి. పాకుతూ సీటంతా తడిమి వేళ్ళు నోట్లో పెట్టుకునే పసిబిడ్డకు.

మా పొలాల్లో పొగాకు మల్లె అని ఒక కలుపు ఉంది. ఆకు పచ్చదనం లేని పరాన్న మొక్క, పొగాకు వేరు పట్టుకుని బతుకుతుంది. పూతకు ముందే పీకకపోతే దాని గింజ నేలలో రాలి ఏళ్ళ తరబడి చావకుండా ఉంటుంది. ఈ ఏటి కౌలుదారు బద్ధకించి వదిలేస్తే వచ్చే ఏటి కౌలుదారు ఏడుస్తాడు. అందుకే మల్లె పీకకుండా పొలం వదిలినవాడికి మా ఊళ్ళో మళ్ళీ ఎవరూ కౌలుకివ్వరు. లీజు కారులో పొగ కూడా అలాంటి గింజే.

చట్టం ఏమంటోంది? 2003 నాటి పొగాకు ఉత్పత్తుల చట్టం బహిరంగ స్థలాల్లో పొగతాగడాన్ని నిషేధించింది. ప్రజా వాహనాలు అందులోకే వస్తాయి. 2008 అక్టోబరు 2, గాంధీ జయంతి నాటి నుంచి కొత్త నిబంధనలు వచ్చాయి. జరిమానా రెండు వందల రూపాయల వరకు. టాక్సీలో కాల్చిన పెద్దమనిషికి అది వర్తిస్తుంది. కాని ఔటర్ రింగు రోడ్డు మీద అర్ధరాత్రి ఆ రెండు వందలు వసూలు చేసేదెవరు? డ్రైవరు గట్టిగా కాదంటే అతనికే చెడ్డ మార్కు పడుతుంది. ఇక మనమే నడుపుకునే కారులో నలుగురం తలుపు వేసుకుని కాలిస్తే ఈ చట్టం పెద్దగా మాట్లాడదు. ఇంగ్లండులో 2007 జులై నుంచే ఒకరికంటే ఎక్కువమంది వాడే కంపెనీ వాహనాల్లో పొగ నిషిద్ధం. 2015 అక్టోబరు నుంచి పద్దెనిమిదేళ్ళలోపు పిల్లలున్న సొంత కారులో కూడా నిషిద్ధమే. పై చదువులకు అమెరికా వెళ్ళదలచిన మిత్రులు కూడా తెలుసుకోవాలి, అక్కడ అద్దె కారులో సిగరెట్టు వాసన వస్తే శుభ్రం చేసే రుసుమని వందల డాలర్లు గుంజుతారు.

మన దగ్గర ప్రత్యేక చట్టం లేకపోయినా పాత చట్టం ఒకటుంది. లా చదివే మిత్రుడు చూపించాడు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 151వ సెక్షను ప్రకారం, ఒకరి వస్తువు మన చేతిలో ఉన్నప్పుడు, బుద్ధిమంతుడైనవాడు తన సొంత వస్తువును ఎంత జాగ్రత్తగా చూసుకుంటాడో అంత జాగ్రత్తగా చూడాలి. మా నాన్న ఆ చట్టం చదవలేదు. కాని కౌలు ముగిశాక పొగాకు మోళ్ళు పీకి, గట్లు సరిచేసి పొలం అప్పగిస్తాడు.

ఇప్పుడు ఆక్షేపణలకు వద్దాం. డబ్బు కట్టాను కాబట్టి నా ఇష్టం అంటారు కొందరు. బాబూ, నువ్వు డబ్బు కట్టింది సీటుకు, చక్రాలకు, ఇన్ని గంటల కాలానికి. రేపు ఎక్కేవాడి ఊపిరికి నువ్వేమీ కట్టలేదు. దాన్ని నీకు అమ్మే హక్కు ఆ యజమానికీ లేదు.

నిద్ర రాకుండా ఉంటుందని కొందరు. నిద్ర వస్తుంటే బండి ఆపాలి. ముఖం కడుక్కోవాలి, టీ తాగాలి, అప్పటికీ తగ్గకపోతే పడుకోవాలి. స్టీరింగు ఒక చేత్తో పట్టుకుని, మరో చేత్తో నిప్పు పట్టుకుని, ఒడిలో రవ్వ పడితే కిందికి చూసేవాడు బండి నడుపుతున్నట్టా?

అద్దంలోంచి బయట పారేస్తాం, బండికేమీ కాదు అంటారు మరికొందరు. ఈ మాట విన్నప్పుడల్లా నాలోని రైతు బిడ్డకు ఒళ్ళు మండుతుంది. రోడ్డు పక్కన వరివాములుంటాయి. పత్తి బోరాలతో, గడ్డితో పోయే లారీలుంటాయి. దోర్నాల దాటాక నల్లమలలో మాఘ ఫాల్గుణాల్లో టేకాకు రాలి నేలంతా మోకాలి లోతు ఎండుటాకే. అక్కడ ఆరని పీక ఒకటి చాలు. ఆరిపోయినా దాని ఫిల్టరు దూది కాదు, సెల్యులోజ్ ఎసిటేటు, ఒక జాతి ప్లాస్టిక్కే. వానకు కొట్టుకుపోయి మా కాలువలోకే చేరుతుంది.

ఆఖరి ఆక్షేపణ నా మీదే. మీ ఇల్లు గడిచేదే పొగాకు మీద, నువ్వా మాకు నీతులు చెప్పేది? ఈ ప్రశ్న నన్ను కొత్తగా అడగక్కరలేదు, ఒంగోలు, కొండపి, టంగుటూరు వేలం కేంద్రాల్లో చెక్కు పడినప్పుడల్లా నాకు నేనే వేసుకుంటాను. 1976లో గుంటూరు కేంద్రంగా పొగాకు బోర్డు ఏర్పడింది, 1985లో మన రాష్ట్రంలో వేలాలు మొదలయ్యాయి. మా నేలలో, మా నీటి ఎద్దడిలో నాలుగు డబ్బులు చూపించే పంట మాకింకా దొరకలేదు. దొరికిననాడు నాన్న బ్యారన్ కూలగొట్టడానికి నేనే గునపం పడతాను. అంతవరకు పొగాకు రైతు కొడుకు నోరు మూసుకోవాలని ఎక్కడుంది? ఆ ఆకు చేతికంటితే ఏమవుతుందో మాకు తెలిసినంతగా సిగరెట్టు పెట్టె మీద బొమ్మ చూసినవాళ్ళకు తెలియదు. పైగా నేను ఎవరినీ సిగరెట్టు మానమని ఈ వ్యాసంలో ఆజ్ఞాపించడం లేదు. మానితే సంతోషిస్తాను. ఇది ఇతరుల బండిలో, ఇతరుల గాలిలో, ఇతరుల జీతంలో కాల్చవద్దనే విన్నపం.

కన్యాశుల్కంలో గిరీశం చుట్టను పొగిడితే మనం నవ్వుకున్నాం. గిరీశం ఎవరి సొమ్ముతో బతికాడో కూడా గురజాడ మనకు చూపించాడు. ఆ సంగతి మరచిపోయి చుట్టను మాత్రమే గుర్తుంచుకోవడం న్యాయం కాదు.

కాబట్టి మన విద్యార్థి సంఘం ముందు కొన్ని సూచనలు ఉంచుతున్నాను. కాలేజీ తరఫున గాని, హాస్టలు మిత్రులు కలిసి గాని బండి మాట్లాడుకున్నప్పుడు లోపల పొగ లేదన్న మాట ముందే అనుకోవాలి. కాల్చినవాడే నష్టం కట్టాలి, సంతకం పెట్టినవాడు కాదు. ఈ సంగతి బండి ఎక్కకముందే అందరి ఎదుట తేల్చుకోవాలి. బండి తీసుకునేటప్పుడు సీట్లు, పైకప్పు ఫోటోలు తీసుకోవాలి, వాసన ఉంటే అప్పుడే యజమానికి చెప్పాలి, లేకపోతే వేరొకరి పొగకు మన డబ్బు పోతుంది. రెండు గంటలకొకసారి ఎలాగూ టీకి ఆగుతాం, కాల్చక తప్పనివాళ్ళు అక్కడ దిగి, పిల్లలకు దూరంగా వెళ్ళి, పూర్తిగా ఆర్పి రావాలి. డ్రైవరు వద్దన్నప్పుడు పక్కనున్నవాళ్ళు ఆయన తరఫున ఒక్క మాట అనాలి. ఆ ఒక్క మాట ఆ రాత్రి మా అన్నయ్య పక్కన ఎవరూ అనలేదు. మానాలనుకునేవాళ్ళకు ప్రభుత్వం వారి ఉచిత ఫోను 1800-112-356 ఉంది, ఆ నంబరు నోటీసు బోర్డు మీద రాయించడానికి సంఘానికి ఖర్చేమీ కాదు.

సోదర విద్యార్థులారా! రేపు మనలో చాలామంది ఉద్యోగాల్లో చేరతాం. సొంత ఇల్లు, సొంత బండి రావడానికి ఏళ్ళు పడుతుంది. అంతవరకు మన గది అద్దెది, మన కారు లీజుది, ఈ హాస్టలు మంచం కూడా మూడేళ్ళకే మనది. జూన్ నెలలో మన పేరు కూడా తెలియని కుర్రవాడెవడో ఊరి నుంచి ట్రంకుపెట్టెతో వచ్చి ఆ మంచం మీద పక్క వేసుకుంటాడు. అతనికి మనం ఏం వదిలి పోతున్నామో ఒకసారి చూసుకుని మరీ తాళం అప్పగిద్దాం. వచ్చే విద్యాసంవత్సరం మొదటి విహారయాత్రకే పైన చెప్పిన నియమాలను తీర్మానంగా పెట్టాలని మన సంఘం కార్యవర్గాన్ని కోరుతున్నాను.